రాంపు దాకా దారి

బ్రాంచి తనిఖీ ఫారంలో ‘దివ్యాంగులకు రాంపు సౌకర్యం ఉందా?’ అని ఒక గడి ఉంటుంది. బదిలీ మీద చెన్నై వచ్చి బ్రాంచి బాధ్యత తీసుకున్న ఏడాది ఆ గడిలో ‘ఉంది’ అని రాసి సంతకం పెట్టింది నేనే. అబద్ధమేమీ రాయలేదు. గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. మెట్ల పక్కన సిమెంటు రాంపు ఉంది. పట్టుకోవడానికి స్టీలు కమ్మీ ఉంది. ఫోటో కూడా తీసి ఫైల్లో పెట్టాం.

నవంబరు వచ్చిందంటే మన బ్రాంచీలు ఎలా ఉంటాయో ఈ పత్రిక చదివే ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. లైఫ్ సర్టిఫికెట్ల కోసం పెన్షనర్లు బారులు తీరతారు, మీ ఇంటాయనో ఇంటావిడో ఆలస్యంగా ఇంటికొస్తారు. గత నవంబరులో అలాంటి ఒక ఉదయం మా బ్రాంచి ముందు ఆటో ఆగింది. అందులో రైల్వేలో రిటైరైన తెలుగాయన ఉన్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి చక్రాల కుర్చీయే ఆధారం. కొడుకు కుర్చీ దింపి, ఆయన్ని కూర్చోబెట్టి, నాలుగడుగులు తోసి ఆగిపోయాడు. మా రాంపు మొదలయ్యేది ఫుట్‌పాత్ మీద. ఫుట్‌పాత్ ఏమో రోడ్డు కంటే పది అంగుళాలు ఎత్తు. సెక్యూరిటీ గార్డు, ఆటో డ్రైవరు, కొడుకు ముగ్గురూ కలిసి కుర్చీతో సహా ఆయన్ని ఎత్తి ఫుట్‌పాత్ మీద పెట్టారు. అక్కడి నుంచి రాంపు ఎక్కించడానికి కూడా ఇద్దరు తోయాల్సి వచ్చింది.

నా క్యాబిన్‌లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అన్నాను: “ఇంత శ్రమ ఎందుకండీ? ఫోనులో ముఖం చూపించి ఇంట్లోంచే జీవన్ ప్రమాణ్ ఇవ్వొచ్చు. డెబ్బై దాటినవాళ్లకి మేమే ఇంటికి వచ్చే ఏర్పాటు కూడా ఉంది.”

“తెలుసు బాబూ, మా మనవడు చేసిపెడతానన్నాడు. ఈ ఒక్క పనీ ఇంట్లోంచే అయిపోతే ఇంక నేను గడప దాటడానికి కారణమేముంది?” అన్నారు. వెళ్లేటప్పుడు నవ్వుతూ ఇంకో మాట అన్నారు. “రాంపు బాగానే కట్టించారు. దాని దాకా రావడానికి ఇంకో రాంపు కట్టిస్తే సరిపోతుంది.”

ఎంబీఏ క్లాసులో ‘ఇరుకు మెడ’ పాఠం ఒకటుంది. సీసా ఎంత పెద్దదైనా నీళ్లు మెడ పట్టినంతే పోస్తుందని. ఆ పాఠం పరీక్షలో బాగానే రాశాను. నా బ్రాంచి గుమ్మంలో ఆ మెడ ఉందని మాత్రం ఒక పెన్షనరు చెప్పేదాకా కనిపించలేదు. ఆ శనివారం టేపు పట్టుకుని బయటికి వెళ్లాను. అప్పటి నుంచి వీధుల్ని చూసే తీరే మారిపోయింది. మా ఆవిడ ఇప్పుడు నాతో బజారుకు రావాలంటే విసుక్కుంటోంది.

ముందు మా రాంపు సంగతి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కాలంటే వాలు ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదని మన దేశపు ప్రమాణాలు చెబుతాయి. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు అని గుర్తుపెట్టుకుంటే చాలు. మా మూడు మెట్లూ కలిపి పద్దెనిమిది అంగుళాలు. అంటే రాంపు పద్దెనిమిది అడుగులుండాలి. కొలిస్తే తొమ్మిదే ఉంది. కట్టినాయన జాగా ఎంతుంటే అంతలో కట్టాడు. నేను ఉన్నదాన్ని చూసి ‘ఉంది’ అని రాశాను. పద్దెనిమిది అడుగులు నేరుగా పోవడానికి చోటు లేకపోతే మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు. అయితే ఆ మలుపులో కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును వదలాలి.

ఇక ఫుట్‌పాత్. రోడ్డు అంచున ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన పాదచారుల మార్గదర్శకాల్లో ఉంది. ఐ.ఆర్.సి. 103 అంటారు దాన్ని. మరి మన ఊళ్లలో అవి పది, పన్నెండు అంగుళాలు ఎందుకుంటాయి? చాలాచోట్ల మనం ఫుట్‌పాత్ అనుకునేది నిజానికి వాననీటి కాలువ మీది మూత. కాలువ ఎత్తు నీళ్ల పారుదలను బట్టి నిర్ణయమవుతుంది, మనిషి పాదాన్ని బట్టి కాదు. దానికి తోడు మోటారు సైకిళ్లు ఎక్కకుండా ఉంటాయని ఇంకాస్త లేపుతారు. మోటారు సైకిళ్లు ఎలాగూ ఎక్కుతాయి. ఎక్కలేనిది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ, పసిపిల్లల బండి తోసే తల్లులూ.

ఎత్తు తర్వాత వెడల్పు. ఫుట్‌పాత్ అంతా నడవడానికే అనుకుంటాం గాని, సరిగా గీసిన పటంలో అది మూడు పట్టీలు. దుకాణాల గోడను ఆనుకుని అద్దాలు చూసేవాళ్లు నిలబడే పట్టీ ఒకటి. రోడ్డు వైపు చెట్లు, దీపస్తంభాలు, కరెంటు పెట్టెలు, బెంచీలు ఉండే పట్టీ ఇంకొకటి. ఈ రెంటికీ నడుమ నడిచే పట్టీ. నివాస వీధుల్లో కూడా ఈ నడిమి పట్టీ 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. ఎందుకు ఆరడుగులు? ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు తప్పుకుని పోవడానికి. బజారు వీధుల్లో ఇంకా ఎక్కువ కావాలి. మీ వీధిలో ఒకసారి నిలబడి చూడండి. మొత్తం ఎనిమిదడుగుల ఫుట్‌పాత్ ఉన్నా, నడుమ ఒక్క ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఉంటే నడవడానికి మిగిలేది రెండడుగులు. కాగితం మీద లెక్క మాత్రం ఎనిమిదే.

వీధి పనుల్లో నాకు బాగా నచ్చిన చిన్న చిక్కు ఒకటి చెప్పాలి. మోటారు సైకిళ్లు రాకుండా ఫుట్‌పాత్ మొదట్లో స్తంభాలు పాతుతారు. చక్రాల కుర్చీ దూరడానికి మూడడుగుల సందు వదలాలి. ఆ సందులోంచి మోటారు సైకిలు హాయిగా దూరిపోతుంది, ఎందుకంటే దాని హ్యాండిలు కుర్చీ కంటే పెద్ద వెడల్పేమీ కాదు. సందు తగ్గిస్తే మోటారు సైకిలుతో పాటు కుర్చీ కూడా ఆగిపోతుంది. అంటే ఇనుప స్తంభంతో తీరే సమస్య కాదిది. పోలీసు చలానాతోనో, బండికి వేరే చోటు చూపించడంతోనో తీరాల్సిందే.

పసుపురంగు గరుకు పలకల సంగతి కూడా చాలామందికి తెలీదు. మెట్రో స్టేషన్లలో మా అబ్బాయి వాటి మీద గెంతుతూ నడిచేవాడు, అలంకారం అనుకుని. అది చూపులేనివారు పాదంతోనూ కర్రతోనూ చదువుకునే లిపి. పొడుగు గీతలుంటే ‘ఇటు సాగిపో’ అని. గుండ్రటి బొడిపెలుంటే ‘ఆగు, ముందు మెట్టో మలుపో రోడ్డో ఉంది’ అని. జపాన్‌లో సేయిచీ మియాకే అనే ఆయన 1965లో వీటిని కనిపెట్టారు. 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచారు. మన నగరాల్లో కూడా ఇప్పుడు విరివిగా పరుస్తున్నారు. కాకపోతే పరిచే మేస్త్రీకి ఆ లిపి ఎవరూ చెప్పినట్టు లేదు. గీతల పలకలు నేరుగా వెళ్లి చెట్టుకు గుద్దుకునే చోట్లు మా ఇంటి చుట్టుపక్కలే రెండున్నాయి. తప్పు పలక అసలు పలక లేకపోవడం కంటే ప్రమాదం. నమ్మి అడుగు వేసేది చూపులేని మనిషి.

ఇవన్నీ చదివాక, సరిగా చేసిన వీధి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. దూరం పోనక్కర్లేకపోయింది. త్యాగరాయ నగర్‌లో పాండీ బజారు ఉంది.

మాది నెల్లూరు. మా వైపు పెళ్లి చీరలంటే మద్రాసు, మద్రాసంటే టీ నగర్. ఆ పేటకు పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువారే. అక్కడి పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, కాళహస్తి వారు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా ఉన్న 1920ల్లోనే ఈ పేట పుట్టింది. మా అమ్మ తన పెళ్లి చీరకి ఇక్కడికే వచ్చిందట. ఇప్పుడు ఆవిడకు డెబ్బై నాలుగు. రెండు మోకాళ్లకూ ఆపరేషనయింది. వాకరు పట్టుకుని నడుస్తుంది. చెన్నైలో మా దగ్గరికి వచ్చినప్పుడల్లా పాండీ బజారు అంటుంది, నేను ‘ఆ జనంలో నువ్వు నడవలేవమ్మా’ అంటాను. కారులో కిటికీలోంచి చూపించి తీసుకొచ్చేవాణ్ని.

ఆ వీధిని 2019 నవంబరులో పాదచారుల వీధిగా మార్చి ప్రారంభించారు. స్మార్ట్ సిటీ పథకం కింద సుమారు 40 కోట్ల ఖర్చు. వాహనాలు పూర్తిగా మానలేదు. వాటి దారి తగ్గించి, రెండు పక్కలా ఫుట్‌పాత్‌ను పెంచారు. ఫుట్‌పాత్ ఎక్కడానికి వాలులున్నాయి, కూర్చోవడానికి బెంచీలున్నాయి, పాత చెట్లను ఉంచేశారు. చెన్నై కార్పొరేషన్ 2014లోనే మోటారు లేని రవాణాకు, అంటే నడకకూ సైకిలుకూ, ఒక విధానం ప్రకటించింది. ఈ వీధి దాని ఫలం.

అలాంటి పనికి ఎదురయ్యే మొదటి ప్రశ్న దుకాణదారులది. ‘బండి ఆపుకునే చోటు లేకపోతే కస్టమరు ఎలా వస్తాడు?’ ఆ భయం తోసేయదగ్గది కాదు. మన దగ్గర క్యాష్ క్రెడిట్ తీసుకున్నవాళ్లకి ఒక నెల అమ్మకం పడిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. అందుకే దగ్గర్లోని తణికాచలం రోడ్డులో కార్పొరేషన్ బహుళ అంతస్తుల పార్కింగు కట్టింది. రెండు వందలకు పైగా కార్లు, అయిదు వందలకు పైగా ద్విచక్ర వాహనాలు పడతాయి. వీధి ముందు, పార్కింగు తర్వాత పూర్తయ్యాయి. వరస తిరగబడి ఉంటే గొడవ తక్కువుండేదని నా ఉద్దేశం.

రెండో ప్రశ్న చిరు వ్యాపారులది. ఇది మన బ్యాంకు వాళ్లం కాస్త తడబడే చోటు. పాండీ బజారు ఫుట్‌పాత్ మీది వ్యాపారులను 2013లోనే పక్కనే కట్టిన కార్పొరేషన్ సముదాయంలోకి మార్చారు. మరుసటి ఏడాది వచ్చిన వీధి వ్యాపారుల చట్టం, ప్రతి పట్టణంలో ఒక కమిటీ వేసి, ఎక్కడ అమ్మవచ్చో ఎక్కడ అమ్మకూడదో గుర్తించమంది. 2020లో పీఎం స్వనిధి వచ్చింది. అదే ఇడ్లీ బండికీ, అదే పూలబుట్టకీ మొదటి విడతగా పది వేలు అప్పిచ్చింది మనమే. కౌంటరు లోపల ఆమె మన లబ్ధిదారు. బయట కాలు పెడితే మన దారికి అడ్డు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎన్నిసార్లు అన్నానో. నిజానికి ఆ పూలామె కోరేది నాలుగడుగుల చోటు. నేను ముందు చెప్పిన మూడు పట్టీల్లో చెట్ల పట్టీ వెడల్పుగా వదిలితే ఆమె అందులో ఇముడుతుంది. నడిచే పట్టీ నడిచేవాళ్లకే మిగులుతుంది. వెడల్పు వదలని చోట ఆమెను తరిమినా వారంలో తిరిగొస్తుంది. ఆమె కస్టమర్లు అక్కడే ఉన్నారు మరి.

ఒక ఆదివారం పొద్దున అమ్మను తీసుకెళ్లాను. వాకరుతో ముప్పావు గంట నడిచింది, మూడుసార్లు బెంచీ మీద కూర్చుంది. చీరల దుకాణం పేరు గుర్తు లేదుగాని, అది ఏ మూల ఉండేదో నాకు చూపించింది. అక్కడ ఇప్పుడు చెప్పుల దుకాణం ఉంది. నేను పలకల గీతలూ వాలులూ చూస్తున్నాను. ఆవిడ మాత్రం జనాన్ని చూసింది.

అయితే ఆ వీధి చివర పక్క సందులోకి తిరగగానే కథ మామూలే. ఫుట్‌పాత్ పైకీ కిందకీ, ప్రతి గేటు దగ్గరా తెగుతూ. ఇంటి కారు లోపలికి పోవడానికి ఫుట్‌పాత్‌ను కోసి కిందకు దించేస్తారు. సరైన పద్ధతి దీనికి ఎదురు. నడిచే పట్టీ ఒకే మట్టంలో సాగాలి, కారే ఎక్కి దిగాలి. అమ్మ అక్కడ ఇరవై గజాలు నడిచి ‘ఇక చాలురా’ అంది.

అక్కడికి కాస్త దూరంలోనే ఇంకో పెద్ద పని జరిగింది. మాంబళం రైల్వే స్టేషను నుంచి టీ నగర్ బస్టాండు దాకా జనం తలమీదుగా నడిచే ఆకాశ వంతెన. 2023 మేలో తెరిచారు. పొడవు సుమారు 570 మీటర్లు, ఖర్చు 28 కోట్లకు పైగా. లిఫ్టులున్నాయి కాబట్టి కుర్చీలోనూ పోవచ్చు. పండగ రోజుల్లో రంగనాథన్ వీధి తోపులాట చూసినవారికి దాని విలువ తెలుస్తుంది. నాకున్న సందేహం ఒక్కటే. లిఫ్టు చెడిపోయిన రోజున ఆ దారి కుర్చీవాళ్లకు పూర్తిగా మూతపడుతుంది. నేలమీది వాలు ఎప్పుడూ చెడిపోదు. అందుకే ఎక్కడ వీలైతే అక్కడ నేలమీది దారికే నా ఓటు.

చెడిపోవడం అంటే మెరీనా గుర్తొచ్చింది. సముద్రం ఒడ్డున ఊరు, కాని చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు సముద్రం కనిపించేది రోడ్డు మీది నుంచే. ఇసుకలో చక్రం దిగబడుతుంది. మెరీనా ఇసుక మేట చాలా వెడల్పు. దివ్యాంగుల సంఘాలు ఏళ్ల తరబడి అడగ్గా, ఏడాదిలో కొద్ది రోజులు తాత్కాలికంగా దారి వేసేవారు. ఆ రోజుల్లో మాత్రం జనం తడిసి ముద్దయ్యేవారు. చివరికి 2022 నవంబరు 27న వివేకానందర్ ఇల్లం ఎదురుగా శాశ్వతమైన చెక్క దారి ప్రారంభించారు. 263 మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, ఖర్చు 1.14 కోట్లు. మీటరుకి సుమారు 43 వేలు పడింది. కాలికులేటరు లేకుండా ఉండలేం కదా మనం.

సరిగ్గా పన్నెండు రోజులకు మాండూస్ తుపాను వచ్చింది. డిసెంబరు 9 రాత్రి అది మామల్లపురం దగ్గర తీరం దాటింది. అలలు ఆ దారి కొసను విరిచేశాయి. ఫోటోలు చూసి ‘ప్రజాధనం సముద్రం పాలు’ అన్నవారున్నారు. మా స్టాఫ్ రూములో నేనూ ఆ మాటే అన్నాను. అప్పుడు నాకీ విషయాలు తెలియవు. తర్వాత దాన్ని బాగు చేశారు, వాడుతున్నారు. తుపానుకు రోడ్డు కొట్టుకుపోతే ‘రోడ్డెందుకు వేశారు’ అని ఎవరూ అడగరు, ‘ఎప్పుడు బాగు చేస్తారు’ అని అడుగుతారు. దివ్యాంగుల దారి విరిగితే మాత్రం మొదటి ప్రశ్న అడుగుతాం. ఈ తేడా నాకు ఆలస్యంగా తట్టింది.

డబ్బు సంగతి మనవాళ్లకు ఆసక్తి కాబట్టి కాస్త చెబుతాను. 2015 జూన్ 25న మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్‌లో వంద నగరాలను తీసుకున్నారు. మొదటి విడత ఇరవైలో చెన్నైతో పాటు మన విశాఖ, కాకినాడ ఉన్నాయి. నగరానికి కేంద్రం అయిదేళ్లలో 500 కోట్లు, రాష్ట్రం అంతే కలపాలన్నది లెక్క. 2025 మార్చి 31తో ఆ మిషన్ ముగిసింది. అందులో కట్టినవన్నీ ఇప్పుడు కార్పొరేషన్ల ఖాతాలో ఉన్నాయి. పెట్టుబడి ఖర్చు ఒకసారి వస్తుంది, శిలాఫలకం పడుతుంది. ఊడిన పలక మార్చడానికి, లిఫ్టు ఏటా చూసుకోవడానికి అయ్యేది మామూలు ఖర్చు. అది ఆస్తిపన్ను నుంచి రావాలి. దానికి శిలాఫలకం ఉండదు. లోను ఇచ్చి ఫాలో అప్ మరిచిపోతే ఏమవుతుందో మనం చూస్తూనే ఉంటాం. ఇదీ అంతే.

నగరాలు మార్కెట్‌లో అప్పు కూడా తెస్తున్నాయి. 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ 8.9 శాతం వడ్డీతో 200 కోట్ల బాండ్లు అమ్మింది. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు ఉన్న రోడ్ల ప్రణాళిక కోసం. నా ముందుకి ఒక ఫుట్‌పాత్ ప్రాజెక్టు ప్రపోజలు వస్తే నేను కూడా ‘ఆదాయం ఎక్కడ?’ అనే అడుగుతాను. వంతెనకు కాకపోయినా నీళ్ల పైపుకి బిల్లు వస్తుంది. నడిచేవాడికి బిల్లు వేయలేం. రైల్వే పెద్దాయన గడప దాటి బయటికి రావడాన్ని ఏ గడిలో రాయాలో మన అప్రైజలు ఫారంలో లేదు.

చట్టం మాత్రం ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ భవనాలకే కాదు, ప్రజలు వాడే ప్రైవేటు భవనాలకూ వర్తిస్తుంది. మన బ్రాంచీలు, ఏటీఎంలు ఇందులోకే వస్తాయి. రాంపుల గురించీ, మాట్లాడే ఏటీఎంల గురించీ రిజర్వు బ్యాంకు ఆదేశాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఆ చట్టం కింద చేసిన నిబంధన ఒకటి ప్రమాణాలను సలహాల్లా మార్చేసిందని, అది చట్టానికి విరుద్ధమని, కొన్నింటినైనా తప్పనిసరి నియమాలుగా చేయాలని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. ఒకటికి పన్నెండు అన్నది ‘వీలైతే’ అనే మాటగా ఉంటే తొమ్మిదడుగుల రాంపులే వస్తాయి. దానికి నేనే సాక్షిని.

మా బ్రాంచి దగ్గర ఏమైందో చెప్పి ఆపుతాను. రాంపును ముందు చేపట్టాం. భవనం యజమానితో మూడు విడతలు మాట్లాడాం. గుమ్మం పక్కన స్టాఫు బళ్లు పెట్టుకునే జాగాలో సగం వదులుకుంటే మలుపు తిరిగే పద్దెనిమిది అడుగుల రాంపు పడుతుందని తేలింది. వదులుకోవడానికి స్టాఫులో ఒకరిద్దరు గొణిగారు. మా హెడ్ క్యాషియరు గారు మాత్రం మొట్టమొదట తన స్కూటరు తీసి వెనక సందులో పెట్టారు. వాళ్లమ్మగారు కూడా చక్రాల కుర్చీలోనే ఉంటారని ఆ రోజే తెలిసింది. రాంపు పూర్తయింది. ఇప్పుడు నాకు నేనే కుర్చీలో కూర్చుని ఎక్కి చూశాను. చేతులు నొప్పెట్టాయిగాని ఎక్కగలిగాను.

ఫుట్‌పాత్ మాత్రం మా చేతిలో లేదు. కింద కాలువ ఉంది కాబట్టి దించడం కుదరదన్నారు. పది అంగుళాలకు పది అడుగుల వాలు రోడ్డు మీదికి వేయడమూ కుదరదు. చూడగా చూడగా ఒక దారి దొరికింది. మాకు ముప్పై అడుగుల అవతల పక్క భవనం గేటు ఉంది. అక్కడ కార్ల కోసం ఫుట్‌పాత్ ముందే దిగి ఉంది. ఆ వాలును కాస్త సరిచేస్తే కుర్చీ అక్కడ ఎక్కి, ఫుట్‌పాత్ మీదుగా మా రాంపు దాకా రావచ్చు. పక్కవారు ఒప్పుకున్నారు. కార్పొరేషన్ అనుమతితో వాలు సరిచేయించాం. నడుమ ఒక కరెంటు పెట్టె ఉంది. దాని పక్కన కొలిస్తే ఇరవై రెండు అంగుళాలే మిగిలింది. కుర్చీకి ముప్పై ఆరు కావాలి. పెట్టె జరపమని అర్జీ పెట్టి నాలుగు నెలలైంది. రెండుసార్లు వచ్చి కొలుచుకు వెళ్లారు. ఈలోగా మడత పెట్టే అల్యూమినియం రాంపు ఒకటి కొని గార్డు దగ్గర ఉంచాం. ఆటో దగ్గరే నొక్కేలా గంట పెట్టాం. పొడవు ఆరడుగులే కాబట్టి వాలు నిటారు, ఒకరు వెనక నుంచి పట్టుకోవాలి. కాని ఎవర్నీ ఎత్తక్కర్లేదు.

ఈసారి తనిఖీ ఫారంలో ఆ గడి చిన్నదైపోయి, వెనక కాగితం జోడించాల్సి వచ్చింది.

మొన్న సెప్టెంబరు చివర్లో రైల్వే పెద్దాయన ఫోను చేశారు. ఆయనకు ఎనభై నిండాయట, ఎనభై దాటినవాళ్లు అక్టోబరు ఒకటి నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చని పేపర్లో చూశారట. “దారి ఎంతవరకు వచ్చింది బాబూ?” అని అడిగారు.

“కరెంటు పెట్టె దాకా వచ్చిందండీ” అన్నాను.

“అయితే నేను అక్కడి దాకా వస్తాను. మిగతాది చూద్దాం” అన్నారు.